సీలు విప్పిన చెయ్యి

కౌంటరు ముందు స్టూలు ఖాళీగానే ఉంది. ప్రమీల కూర్చోలేదు. గాజు మీద రెండు చేతులూ ఆనించి, ముత్యం ఏం చెప్తాడా అని అతని ముఖం వంకే చూస్తూ నిలబడింది. ఆమె వెనక భర్త పరుశురాం. డైయింగ్ మిల్లులో సగం పూట సెలవు పెట్టి వచ్చాడు. గోళ్ల సందుల్లో నీలం రంగు వదలని చేతులు వెనక్కి కట్టుకొని, గోడ పొడుగునా పేర్చిన కంప్యూటర్ డబ్బాలను చూస్తున్నాడు.

"కంపెనీది వద్దు చెల్లె," అన్నాడు ముత్యం గొంతు తగ్గించి. రింగ్ రోడ్డు పక్క సందులోని ఆ గుజరాతీ దుకాణంలో తెలుగు తెలిసినవాడు అతనొక్కడే. అయినా గొంతు తగ్గింది. "గా డబ్బ మీద పేరుకే పదివేలు ఎక్కువ తీస్కుంటరు. నేను సామాన్లు ఏరి నీకు మంచిగ జోడిచ్చి ఇస్త. నీ పనికి గ్రాఫిక్ కార్డు అక్కర్లేదు, అది గేములు ఆడేటోళ్లకు. మానిటర్ పాతది తీస్కో. ఆఫీసులు ఖాళీ చేసేటోళ్లు ఇచ్చిపోయినయి ఉన్నయి, గీత గూడ పడలే. కని డిస్కు మాత్రం కొత్తదే ఉండాలె. దాంట్ల మిగిలించుకోవద్దు."

"మరి బుటా పెద్దగుంటే ఆగిపోతది గదా?" అంది ప్రమీల. "ఆఫీసుల మిషన్ గట్లనే చేస్తది. నలభై వేల కుట్లు దాటితే బొమ్మ కదలనే కదలది."

చీరల మీద మిషన్ కుట్టే పూలనూ బుటాలనూ ముందుగా కంప్యూటర్‌లో కుట్టు కుట్టుగా గీసిపెట్టడం ఆమె పని. దాన్ని పంచింగ్ అంటారు. పర్వత్ పాటియాలో చీరల మార్కెట్ వెనకాల ఉన్న డిజైన్ ఆఫీసులో ఆరేళ్లుగా చేస్తోంది. నాలుగు నెలల కింద అత్త బాలవ్వ బాత్‌రూములో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నది. తనంతట తాను పక్కకు ఒత్తిగిల్లలేదు. అప్పటినుంచి ప్రమీల ఒక పూట వెళ్తే ఒక పూట వెళ్లడం లేదు. ఇంట్లో కంప్యూటర్ పెట్టుకుంటే అక్కడినుంచే చేసి పంపమనీ, లేకపోతే ఒకటో తారీఖు నుంచి వేరే మనిషిని చూసుకుంటాననీ ఆఫీసు సేఠ్ చెప్పేశాడు.

"దానికి ర్యామ్ కావాలె," అన్నాడు ముత్యం. "దాని రేటు ఆర్నెల్లల్ల రెండింతలు దాటింది. ఇప్పుడు కొత్త ముక్క ఒక్కటే వేయించుకో. రెండో జాగ ఖాళీగ ఉంటది. నా దగ్గరికి పాతది మంచిది వస్తే నేను తెచ్చి పెడ్త. ఇంటికొచ్చి పెడ్త. దుకాణంల చెప్పకు."

ప్రమీల తలూపింది. అతను కాగితం మీద సామాను పేర్లు రాసి, ఎదురుగా ధరలు వేసి, కాగితం ఆమె వైపు తిప్పాడు. పరుశురాం ముందుకు వంగి చూశాడు. భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్లు తెచ్చుకున్నదానిలో ఇంకా మూడు వేల పైచిలుకు మిగులుతోంది.

"గివి ఉంచుకుందమా?" అన్నాడు పరుశురాం.

"మా గల్లీల కరెంటు సంగతి ఎరికే గదా," అంది ప్రమీల. "అన్నా, యూపీఎస్ అంటరు గదా, అది ఎంతైతది?"

ముత్యం జవాబు చెప్పబోయేలోగా వెనక గది తలుపు దగ్గర దుకాణం యజమాని కిరీట్‌భాయ్ కనిపించాడు. వేలితో గోడ మీది బోర్డును చూపించి లోపలికి వెళ్లిపోయాడు. బోర్డు మీద పనివాళ్ల పేర్లు, ఒక్కొక్కరి ఎదుట ఎర్ర గీతలు. అమ్మిన ప్రతి ప్రొటెక్షన్ ప్లాన్‌కూ ఒక గీత. ముత్యం ఎదుట తొమ్మిది ఉన్నాయి. పది నిండితే జీతంతో పాటు ఇంకొంత వస్తుంది. నిండకపోతే ఒకటో తారీఖు పొద్దున అందరి ముందూ నిలబడి సంజాయిషీ చెప్పుకోవాలి. నెలాఖరుకు ఇంకా మూడు రోజులే.

"యూపీఎస్ గంతే ఐతది, మూడు వేలు," అన్నాడు ముత్యం. "కని ఇంకోటి ఉన్నది. ప్లాన్. అది గూడ గంతే. ఇన్సూరెన్స్ లెక్క. కింద పడ్డా, కరెంటుకు కాలినా బాగు చేసి ఇస్తరు."

"రెండిట్ల ఒకదానికే ఉన్నయి అన్నా. ఏది తీస్కోమంటవు?"

ఆమె ఆ ప్రశ్న ఎలా అడిగిందంటే, అతను ఏది చెప్తే అదే. పరుశురాం అప్పుడే జేబులోంచి పైసలు తీస్తున్నాడు.

"ప్లానే తీస్కో," అన్నాడు ముత్యం. "యూపీఎస్ రెండేళ్లల్ల బ్యాటరీ పోతది. యూపీఎస్ తర్వాత తీస్కోవచ్చు."

చెప్పిన మాటల్లో అబద్ధం ఒక్కటీ లేదు. అతను కంప్యూటర్ జోడించడానికి కూర్చున్నాడు. ప్రాసెసర్ మీద బియ్యపు గింజంత పేస్టు పెట్టి, ఫ్యాను నొక్కి, నాలుగు మూలలా స్క్రూలు ఒకదానికి ఎదురుగా ఒకటి బిగించాడు. తీగలను వెనక్కి తోసి కట్టాడు. డబ్బా మూసి, చివరి స్క్రూ మీద వెండిరంగు సీలు అతికించి బొటనవేలితో గట్టిగా రుద్దాడు. దాని మీద సన్నటి ఇంగ్లీషు అక్షరాల్లో, విప్పితే ప్లాన్ చెల్లదని ఉంటుంది. పరుశురాం డబ్బాను భుజం మీదికి ఎత్తుకున్నాడు. ప్రమీల మానిటర్‌ను చీర కొంగు కప్పి, పొత్తిళ్లలో పట్టుకున్నట్టు పట్టుకుంది.

*

మరునాడు ఆదివారం ముత్యం వాళ్లింటికి వెళ్లాడు. ర్యామ్ ముక్క దొరికింది. మూతపడిన ఆఫీసులో విప్పిన మిషన్‌లోది. దుకాణంలో కొంటే అయ్యేదానిలో సగం కూడా పడలేదు, అదీ తనే పెట్టుకున్నాడు. తన కూలీ ఏమీ వేసుకోలేదు.

ఒకటే గది, దాని వెనక వంటకు కొంచెం జాగా. మంచం మీద బాలవ్వ, మంచం కాళ్ల దిక్కు బల్ల మీద కొత్త కంప్యూటర్. ప్రమీల దాని ముందు కూర్చుని తల కొంచెం తిప్పితే ముసలామె ముఖం కనబడుతుంది. అలా చూసుకొనే పెట్టించింది.

"ఎవలు?" అంది బాలవ్వ.

"కంప్యూటర్ అన్న," అంది ప్రమీల.

ముత్యం నేల మీద పాత న్యూస్‌పేపర్ పరిచి డబ్బాను పడుకోబెట్టాడు. ప్రమీలను గరిటె కొంచెం వేడిచేసి తెమ్మన్నాడు. గరిటె వీపును సీలుకు ఆనించి, జిగురు మెత్తబడ్డాక గోటితో ఒక మూల లేపాడు. మెల్లగా లాగాడు. ముప్పావు వంతు బాగానే వచ్చింది. చివర చిటికెడు ముక్క స్క్రూ తలకు అతుక్కుని చిరిగిపోయింది. చిరిగినచోట కాగితం పొర లేచి తెల్లటి గళ్లు బయటపడ్డాయి.

అతని చెయ్యి ఆగింది.

"ఏమైంది?" అంది ప్రమీల.

"ఏం గాలే. మళ్ల అంటిస్త."

ర్యామ్ ముక్కను అంచులతో పట్టుకొని ఖాళీ జాగాలో నిలబెట్టి, రెండు బొటనవేళ్లతో నొక్కాడు. రెండు చివరలా టక్కు టక్కుమంది. మూత బిగించి సీలు మళ్లీ అతికించి రుద్దాడు. దూరంనుంచి చూస్తే తెలియదు. దగ్గరికొస్తే తెలుస్తుంది.

"ప్లాన్‌కు ఏమన్న అయితదా అన్నా?"

"ఎవలు చూస్తరు చెల్లె. నువ్వైతే పని చేస్కో."

ప్రమీల ఆఫీసు నుంచి తెచ్చుకున్న ఫైలు తెరిచింది. పల్లూ నిండా అల్లుకున్న మామిడిపిందెల తీగ. మౌస్ చక్రం తిప్పితే తీగ దగ్గరకొచ్చి, ఒక్కొక్క కుట్టూ దారప్పోగులా విడివిడిగా కనబడింది. ఎక్కడా ఆగలేదు. ఆమె వెనక్కి తిరిగి నవ్వలేదు గానీ, వీపు కుర్చీకి ఆనింది. ముత్యం ఆమెను అట్లా ఆనుకొని కూర్చోగా చూడటం అదే మొదలు.

"యాబై మూడు వేల కుట్లు," అంది. "ఆఫీసుల ఇది తెరవాలంటే చాయ్ తాగొచ్చేదాన్ని."

బాలవ్వ మంచం మీదినుంచి తెరను చూస్తోంది. "గా ఆకుపచ్చ బాగలేదు," అంది.

అప్పుడు ప్రమీల నవ్వింది.

*

బుధవారం మధ్యాహ్నం వాన కొట్టింది. గాలికి గల్లీ మొదట్లో స్తంభం మీది న్యూట్రల్ తీగ తెగింది. ఇళ్లలోకి రెండింతల కరెంటు తోసుకొచ్చి, లైట్లు ఒక్కసారి తెల్లగా మండి పేలిపోయాయి. ఫ్యాన్లు విమానాల్లా మోగి ఆగాయి. ప్రమీల లేచి స్విచ్ అందుకునే లోపే కంప్యూటర్ వెనకనుంచి నిప్పురవ్వ లేచింది. ప్లాస్టిక్ కాలిన వాసన గదంతా కమ్మింది. బాలవ్వ దగ్గుతూంటే ఆమె ముఖానికి కొంగు అడ్డం పెట్టి, ప్రమీల చాలాసేపు మంచం పక్కనే నిలబడిపోయింది. ఆ గల్లీలో పదకొండు టీవీలు, నాలుగు ఫ్రిజ్‌లు పోయాయని ముత్యానికి ఆ సాయంత్రమే తెలిసింది. కంప్యూటర్ ఒక్కటే.

గురువారం ఆమె డబ్బా తీసుకొని దుకాణానికి వచ్చింది. కిరీట్‌భాయ్ కాగితం రాయించుకొని, శనివారం ప్లాన్ కంపెనీ మనిషి వచ్చి చూస్తాడని చెప్పాడు. ముత్యం డబ్బాను లోపల బల్ల మీద పెట్టాడు. పవర్ సప్లై మూతి నల్లబడింది. మదర్‌బోర్డు మీద రెండు చోట్ల పొక్కులు లేచాయి. యూపీఎస్ ఉంటే అది కాలిపోయి వెనకున్నదాన్ని కాపాడేది. ఈ సంగతి అతనికి ఆలోచించకుండానే తెలుసు. అయినా బోర్డును వెలుతురులో పెట్టి చాలాసేపు చూశాడు.

ఆ రెండు రోజులూ సీలు గురించి ఏదో ఒకటి చేయవచ్చనే అనుకున్నాడు. కొత్త సీళ్ల కట్ట కిరీట్‌భాయ్ సొరుగులో తాళం కింద ఉంటుంది. ఒక్కొక్కదాని మీద నంబరు వేరే. అందుకని ఏమీ చేయలేదు. ఇంట్లో భార్య సంతోషి అన్నం పెడుతూ రెండుసార్లు అడిగింది, ఏంది గట్లున్నవని. పని ఎక్కువున్నదని చెప్పాడు.

శనివారం కంపెనీ మనిషి పదకొండింటికి వచ్చాడు. సన్నగా, చొక్కా జేబులో రెండు పెన్నులతో, గొంతు పెంచని మనిషి. డబ్బాను అన్ని వైపులనుంచీ ఫోన్‌తో ఫోటోలు తీశాడు. వెనక్కి తిప్పి స్క్రూ దగ్గర ఆగాడు. కళ్లద్దాలు నుదుటి మీదికి జరిపి వంగి చూశాడు. దాన్నే మూడు ఫోటోలు తీశాడు.

"సీలు విప్పారు," అన్నాడు హిందీలో. "లోపల రెండో ర్యామ్ కూడా ఉంది. బిల్లులో ఒకటే ఉంది. ఎవరు విప్పారు?"

కిరీట్‌భాయ్ ప్రమీల వంక చూశాడు. తర్వాత ముత్యం వంక చూశాడు. ఆ చూపు అవసరమైనదానికన్నా కొంచెం ఎక్కువసేపు నిలిచింది. కిందటేడు అంబదాస్ అనే పనివాడు బయట ఒకరి ల్యాప్‌టాప్ బాగుచేశాడని తెలిసి, అదే రోజు లెక్క తేల్చి పంపేశాడు. అంబదాస్ ఇప్పుడు ఇచ్ఛాపూర్‌లో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర కూర్చుంటున్నాడు. ముత్యం తండ్రి మగ్గాల మోతలో ముప్పై ఏళ్లు పనిచేసి రెండు చెవులూ పోగొట్టుకున్నాడు. ముత్యం కూడా పద్దెనిమిదో ఏట నుంచి నాలుగేళ్లు ఆ మోతలోనే ఉన్నాడు. స్క్రూడ్రైవర్ పట్టుకున్న చెయ్యిని అతను బల్ల కిందికి దించాడు. నోరు తెరవాలనుకున్నాడు. ఎంతసేపు అనుకున్నాడో అతనికే తెలియదు.

"నేనే విప్పాను," అంది ప్రమీల హిందీలోనే. "ర్యామ్ బజారులో కొన్నాను. ఫోన్‌లో వీడియో చూసి పెట్టుకున్నాను."

"మీరే?"

"ఆరేళ్లుగా కంప్యూటర్ మీదే పనిచేస్తున్నాను సార్."

ఆయన కాగితం మీద రాసి, చదివి వినిపించి, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించాడు. ప్రమీల పెట్టింది. ఆయన చెడ్డగా ఏమీ మాట్లాడలేదు. వచ్చేసారి అలా చేయకండి అని మాత్రం చెప్పి, పెన్ను జేబులో పెట్టుకొని వెళ్లిపోయాడు. కిరీట్‌భాయ్ చాయ్ తెప్పించమన్నాడు. ప్రమీల వద్దంది.

డబ్బాను ఆటో దాకా ముత్యమే మోశాడు. సందు చివర నీళ్లు నిలిచి ఉన్నాయి. ఆటో కోసం ఇద్దరూ ఒక మూసిన షట్టర్ ముందు నిలబడ్డారు.

"ఎందుకు గట్ల చెప్పినవ్?" అన్నాడు.

"నీ పేరు చెప్తే నాకు ఇస్తరా?"

"ఇయ్యరు."

"మరి? ఒక్కటి పోయేది రెండు పోవాల్నా?" ఆమె రోడ్డు వంకే చూస్తోంది. "నువ్వు నా మంచికే చేసినవ్. నీ పైసలు పెట్టి, ఆయితారం పూట ఇంటికొచ్చి. గంత జేసినోని పేరు ఎట్ల చెప్త?"

ఆ మాట అక్కడితో ఆగిపోతే బాగుండేది. ఆటో కూడా వస్తోంది. ముత్యం డబ్బాను కింద పెట్టాడు.

"చెల్లె, నీకొకటి చెప్పాలె. ఆ రోజు నువ్వు యూపీఎస్ అడిగినవ్. నీ గల్లీకి అదే కావాలని నాకెరికే. నేను ప్లాన్ ఎందుకు చెప్పిన్నంటే, నాకు ఆ నెల పది కావాలె. తొమ్మిది అయినయి. నీది పదోది."

ప్రమీల మొదటిసారి అతని వంక తిరిగింది. అర్థం కానట్టు కాసేపు చూసింది. తర్వాత అర్థమైంది. ఆమె ముఖంలో కోపం రాలేదు. ఇందాక కంపెనీ మనిషి ముందు కూడా గట్టిగా నిలిచినదేదో ఆమె భుజాల్లోంచి జారిపోయింది.

"గిది చెప్పకుంటే అయిపోతుండె గదా," అంది.

ఆటో ఆగింది. అతను డబ్బా అందుకోబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. తానే వంగి ఎత్తుకుంది. బరువుకు ఒక పక్కకు ఒరిగి, మోకాలితో సర్దుకొని, ఆటోలో పెట్టి పక్కన కూర్చుంది. ముత్యం ఆటో మలుపు తిరిగేదాకా నిలబడి, తర్వాత దుకాణానికి వెళ్లాడు. ఎవరో ప్రింటర్ పట్టుకొని అతని కోసం చూస్తున్నారు.

*

మంగళవారం అన్నం వేళకు అతను పర్వత్ పాటియాలో వాళ్లింటికి వెళ్లాడు. డబ్బా విప్పి ఏ ముక్క బతికి ఉందో, ఏది పోయిందో తేల్చిచెప్పాలని సంచిలో టెస్టర్ పెట్టుకున్నాడు. డిస్కూ ర్యామూ బతికి ఉంటే సగం మిషన్ ఉన్నట్టే. మిగిలిన సగం తాను ఏరి తేవచ్చు. తలుపు తీసి ఆమె ఏమంటుందో దారి పొడుగునా అనుకుంటూ వచ్చాడు.

తలుపుకు బయటినుంచి గొళ్లెం పెట్టి ఉంది. తాళం లేదు. వెనక్కి తిరగబోతుంటే లోపలినుంచి గొంతు వినిపించింది.

"ఎవలది? పక్కింటి రాజమ్మనా?"

"నేను అవ్వా. ముత్యాన్ని. కంప్యూటర్ అన్నను."

"ప్రమీల ఆఫీసుకు పోయింది బిడ్డా. పొద్దుమూకేదాకా అక్కడ్నే. మధ్యల ఒంటిగంటకు ఉరికొచ్చి పోతది," అంది. ఆగి, "జర మంచినీళ్లు పోస్తవా?"

అతను గొళ్లెం తీశాడు. గదిలో కిటికీ మూసి ఉంది. వాసన వేసింది. బల్ల మీద కాలిన డబ్బా, పక్కన పాత మానిటర్ బట్ట కప్పుకొని ఉన్నాయి. చెంబు మంచం పక్క స్టూలు మీదే ఉంది గానీ, ముసలామె చెయ్యికి జానెడు దూరంలో ఉంది. అతను గ్లాసులో పోసి, తల కింద చెయ్యి పెట్టి ఎత్తాడు. నీళ్లు సగం నోట్లోకి, సగం మెడ మీదికి పోయాయి. ఆమె గుటకలు వేస్తున్న చప్పుడు గదిలో పెద్దగా వినిపించింది.

"పొద్దటినుంచి ఒక్కటే దిక్కు పండుకున్న," అంది. "ఈ పక్క మంటలేస్తాంది. మెసలనీకి వస్తలేదు. కొడుకా, నన్ను జర అటు మర్లేస్తవా?"

అతను ఆమె వంక చూశాడు. ఎక్కడ పట్టుకోవాలో తెలియలేదు. కంప్యూటర్ ముక్క ఏదైనా అంచులతో పట్టుకోవాలి, మధ్యలో ముట్టుకోకూడదు. మనిషికి అంచులు లేవు. భుజం కింద చెయ్యి పెట్టాడు. ఆమె "ఆడ కాదు" అంది. నడుము కింద దిండు ఉన్నదనీ, దాన్ని ముందు తీయాలనీ, మోకాళ్ల నడుమ ఇంకొకటి పెట్టాలనీ ఒక్కొక్కటే చెప్పింది. అతను ఒక్కొక్కటే చేశాడు. ఆమె బరువు లేదు. అయినా తిప్పేటప్పుడు ఆమె పళ్లు బిగపట్టి మూలిగిన మూలుగుకు అతనికి చెమట పట్టింది. వీపు మీద ఎర్రగా కమిలిన చోటు కనిపించింది. అరచేయి అంత ఉంది.

అప్పుడే ప్రమీల గుమ్మంలోకి వచ్చింది. పరుగెత్తి వచ్చినట్టుంది, రొప్పుతోంది. చెప్పులు విడవకుండానే నిలబడిపోయింది. అతను రెండు చేతుల్లో దిండుతో మంచం పక్కన ఉన్నాడు.

"నీళ్లు అడిగింది," అన్నాడు.

ఆమె లోపలికొచ్చి అత్త వీపు చూసింది. కొబ్బరినూనె సీసా తీసి, అరచేతిలో పోసుకొని, కమిలినచోట చుట్టూ మెల్లగా రాసింది. మధ్యలో ముట్టుకోలేదు. చీర కింద బట్ట మార్చాలని చెప్పింది. అతను బయటికి వెళ్లి నిలబడ్డాడు. లోపల గిన్నె చప్పుడు, అన్నం కలిపిన చప్పుడు, తినిపిస్తూ ఆమె ఏదో మాట్లాడటం వినిపించాయి. ఫోన్‌లో చూసుకున్నాడు. అతను దుకాణంలో ఉండాల్సిన వేళ దాటి పది నిమిషాలైంది.

ప్రమీల ఖాళీ గిన్నె కడిగి, నీళ్లు వాకిట్లో పారబోసి, గొళ్లెం పెట్టింది. వెళ్లడానికి చెంగు సర్దుకుంది.

"చెల్లె, డిస్కు బతికుంటే నేను..." అని మొదలుపెట్టాడు.

"గా ముచ్చట తర్వాత," అంది. ఆమె గొంతులో కోపం లేదు, చనువూ లేదు. పనివాడితో పని చెప్పినట్టు చెప్పింది. "నీకు అన్నానికి ఎన్నింటికి ఇడుస్తరు?"

"పన్నెండున్నరకు."

"రేపు గప్పుడే రా. నేను ఒంటిగంట దాకా రాలేను. పదకొండింటికే ఆమె నోరు ఎండుతది." రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరగకుండానే అంది. "మర్లేసేటప్పుడు ఎడమ కాలు ముందు పట్టుకో. కుడి కాలు పట్టుకుంటే నొస్తది. ఆమె చెప్పది."

మార్కెట్ వైపు పోయే జనంలో కలిసిపోయి ఆమె గబగబా నడిచింది. ముత్యం బండి స్టార్ట్ చేయకుండా, రెండు చేతులూ ముందు పెట్టుకొని, ఎడమ కాలు అంటే తన ఎడమ వైపా, ఆమె ఎడమ వైపా అని ఒకసారి చేసి చూసుకున్నాడు.